మంచము దిగి ఇంటి వరకు: వృద్ధుల పునరావాస వైద్య చరిత్ర నుండి సంఘమునకు ఒక పాఠము

ఉపోద్ఘాతము

రావికమతం మండలములో ఒక చిన్న సంఘమునకు నేను కాపరిగా ఉన్న రోజులలో, డెబ్బై దాటిన ఒక విశ్వాసురాలు వానాకాలములో పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. పట్నములో ఆపరేషను చేయించి వారము తిరగకముందే ఇంటికి తెచ్చారు. నొప్పి తగ్గుతూ వచ్చింది. డాక్టరు ఇచ్చిన డిశ్చార్జి కాగితము మీద ఆమెను రోజూ నడిపించవలెనని, వ్యాయామములు నేర్పించుకొనవలెనని వ్రాసి ఉన్నది. ఆ కాగితమును మడతపెట్టి బైబిలులో ఉంచారు. ఇంటివారు చదవలేదు, నేనూ చదవలేదు.

నేను వెళ్లిన ప్రతిసారి మంచము ప్రక్కన మోకరించి ప్రార్థించి, "మామ్మా, మీరు కదలకండి, ప్రభువే లేపుతారు" అని చెప్పి వచ్చేవాడను. ఒకసారి ఆమె, "అయ్యగారూ, ఒక్కసారి పట్టుకొని గుమ్మము దాకా తీసుకెళ్లరా?" అని అడిగారు. నేను ఆమె కోడలి వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. మళ్లీ పడిపోతారేమోనని ఎవరమూ లేపలేదు. నాలుగు నెలలలో మోకాళ్లు ముడుచుకొనిపోయాయి, నడుము క్రింద పుండ్లు పడ్డాయి, ఆమె ప్రభువునందు నిద్రించారు. తరువాత ఒక వైద్యుడు నాకు నిదానముగా చెప్పిన మాట ఇది: "ఆపరేషను బాగానే చేశారండీ. ఆ తరువాత చేయవలసినది ఎవరూ చేయలేదు."

ఆ "తరువాత చేయవలసినది" ఏమిటి? దానికి పునరావాస వైద్యమని పేరు. అది ఎక్కడ పుట్టింది, దానిలో సంఘము పాలు ఎంత, మన పెద్దలు ఆసుపత్రిలో పునరావాసము కొరకు చేరితే ఏమి ఆశించవచ్చును, ఏమి ఆశింపకూడదు అను విషయములను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. నేను చెప్పదలచినది ఒక్కటే. పునరావాస వైద్యము వృద్ధునికి పోయిన వయస్సును తిరిగి ఇస్తానని చెప్పదు. ఇంటిలో అతనికున్న చోటును తిరిగి ఇచ్చుటకు ప్రయత్నిస్తుంది. ఈ భేదము తెలియని కాపరి, మంచి మనస్సుతోనే కీడు చేయగలడు. నేను చేశాను.

1. పునరావాసము అను మాట

మన ప్రాంతములో పునరావాసము అనగానే రిజర్వాయరు క్రింద ఊరు పోయినవారు, తుఫానులో ఇల్లు కూలినవారు గుర్తుకు వస్తారు. అందుచేత ఆసుపత్రిలో ఆ మాట వినిపిస్తే, "మా నాన్నకు ఇల్లు ఉన్నది కదా, పునరావాసము ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. ప్రశ్న సహజమైనదే. ఇంగ్లీషువారి రిహాబిలిటేషన్ అను పదము లాటిను భాష నుండి వచ్చినది. మరల తగినవానిగా చేయుట అని దాని భావము. మన తెలుగు మాట పునః, ఆవాసము అను రెండు పదముల కలయిక. మరల నివసించుట అని దాని అర్థము. ఇంగ్లీషు మాట శరీర సామర్థ్యమును చూపితే, తెలుగు మాట ఇంటిని చూపుతున్నది. వృద్ధుల విషయములో మన మాటయే సరిగా ఉన్నదని నాకు తోస్తున్నది.

ఇక్కడ మూడు సంగతులను వేరు చేసి చూడాలి. చికిత్స రోగమును ఎదుర్కొంటుంది. సంరక్షణ రోగికి అన్నము, శుభ్రత, తోడు ఇస్తుంది. పునరావాసము రోగి తన పనులను తాను తిరిగి చేసుకొనునట్లు నేర్పుతుంది. మొదటి రెండింటిలో సంఘమునకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. మూడవదానిని మాత్రము ఆలస్యముగా నేర్చుకున్నది.

2. ప్రాచీన సంఘములో వృద్ధుల సంరక్షణ

నాలుగవ శతాబ్దములో కప్పదొకియలోని కైసరయకు 370లో బిషప్పు అయిన బాసిల్, పట్టణము వెలుపల రోగులకు, బీదలకు, కుష్ఠరోగులకు, బాటసారులకు ఒక పెద్ద ఆశ్రయమును కట్టించారు. అది బాసిలియాడ్ అని ప్రసిద్ధి చెందింది. దానికి కొద్దికాలము ముందు వచ్చిన కరవులో జనుల దుస్థితిని చూచిన అనుభవము ఆయనకు ఉన్నది. ఆయన స్నేహితుడు నజియాంజు గ్రెగొరీ తన స్మారక ప్రసంగములో దానిని ఒక క్రొత్త పట్టణముతో పోల్చారు. తరువాతి కాలములో బైజాంటియ సామ్రాజ్యమందు వృద్ధుల కొరకే ప్రత్యేకముగా గెరోకోమియా అను గృహములు ఏర్పడ్డాయి.

ఇవి గొప్ప కార్యములు. అయితే ఆ గృహములలోనికి వచ్చిన వృద్ధుడు సాధారణముగా అక్కడనే కన్నుమూసేవాడు. అతనికి పడక దొరికింది, రొట్టె దొరికింది, ప్రార్థన దొరికింది. అతడు తిరిగి ఇంటికి వెళ్లగలడా అను ప్రశ్న మాత్రము ఇంకా పుట్టలేదు. అది ఆనాటివారి ప్రేమలోని లోపము కాదు, ఆనాటి వైద్యమునకు ఉన్న హద్దు. ఆ ప్రశ్నను మంచము ప్రక్కన నిలిచి గట్టిగా అడిగిన మనుష్యుల కొరకు వృద్ధుల వైద్యము ఇరవయ్యవ శతాబ్దము వరకు వేచి ఉండవలసి వచ్చింది.

3. ఇంగ్లాండులో 714 పడకలు

1935లో లండను సమీపమునున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, తన ప్రక్కనున్న పాత బీదల ఆశ్రమము యొక్క రోగులను తన ఆధీనములోనికి తీసుకున్నది. అక్కడ 714 పడకలు ఉన్నాయి. వాటిలో చాలామంది వృద్ధులు. నయము కానివారని ముద్ర పడి, సంవత్సరముల తరబడి మంచము మీదనే ఉన్నవారు. వారి బాధ్యత మార్జొరీ వారెన్ అను డాక్టరుకు అప్పగించారు.

ఆమె మొదట చేసిన పని చాలా సామాన్యమైనది. ప్రతి ఒక్కరిని పరీక్షించారు. ఎవరు ఎందుకు మంచములో ఉన్నారో విచారించారు. కొందరు రోగము వలన మంచము పట్టారు. మరి కొందరు మంచము పట్టుట వలననే రోగులయ్యారు. ఒకప్పుడు ఏదో జబ్బుతో పడుకున్నారు, జబ్బు తగ్గింది, వారిని లేపినవారు మాత్రము లేరు. ఆమె వార్డులలో వెలుతురు పెంచారు, గోడలకు లేతరంగులు వేయించారు, పట్టుకొని నడుచుటకు ఆధారములు పెట్టించారు, కూర్చొనుటకు తగిన కుర్చీలు తెప్పించారు. పక్షవాతము వచ్చినవారిని, కాలు తీసివేయబడినవారిని నిలబెట్టి నడిపించుట నేర్పారు. చాలామంది ఇండ్లకు, లేక ఇంటివంటి ఆశ్రయములకు వెళ్లగలిగారు. పడకల అవసరమే తగ్గిపోయింది. 1943లోను, 1946లోను ఆమె ప్రచురించిన వ్యాసములు వృద్ధుల వైద్యమునకు ఆధునిక పునాది వేశాయి.

1947లో రిచర్డ్ ఆషర్ అను మరొక డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచము పట్టుట వలన కలుగు అపాయములను గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాశారు. ఊపిరితిత్తులలో కఫము చేరుట, కాళ్ల నరములలో రక్తము గడ్డకట్టుట, చర్మము పుండ్లు పడుట, కీళ్లు బిగుసుకొనుట, మనస్సు క్రుంగుట, ఇట్లు అవయవముల వారీగా వివరించారు. ఒక ప్రసిద్ధ భక్తి కీర్తనను అనుకరించు చిన్న పద్యమును కూడ దానిలో చేర్చారు. డాక్టర్లకు బుద్ధి చెప్పుటకు ఆయన కీర్తనను ఆశ్రయించడము మన వంటివారికి కొంత ముచ్చటగా ఉంటుంది.

ఆ మాటలు నేటికిని నిలిచియున్నవి. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యముగానే ఉన్న కొద్దిమంది వృద్ధులను పది రోజులు మంచము మీదనే ఉంచి చూశారు. వారి కాళ్లలోని కండ సగటున ఒక కిలోకు కాస్త తక్కువగా తరిగిపోయింది. రోగము ఏమీ లేనివారికే పది రోజులలో ఇంత జరిగితే, తుంటి విరిగి నాలుగు నెలలు పడుకున్న మా సంఘపు మామ్మ సంగతి చెప్పనక్కరలేదు.

4. తెలుగునాట మిషను ఆసుపత్రులు నేర్పిన పాఠము

ఇప్పుడు మన ప్రాంతమునకు వద్దాము. లండను మిషనెరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నము వచ్చారు. కెనడియను బాప్తిస్టు మిషనెరీలు 1874లో కాకినాడలో పని ప్రారంభించి, ఉత్తరమునకు విస్తరించి, రావికమతమునకు దగ్గరలోనున్న నర్సీపట్నము, యలమంచిలి వంటి స్థలములలో కూడ కేంద్రములు నెలకొల్పారు. పిఠాపురము, సోంపేట మొదలగు చోట్ల వారి ఆసుపత్రులు ఎందరో బీదలను ఆదుకున్నవి. గుంటూరులో లూథరను మిషను డాక్టరు అన్నా కుగ్లరు 1883లో అడుగుపెట్టారు. ఈ ఆసుపత్రులు ప్రసవము, కలరా, కంటిజబ్బులు, జ్వరములతో పోరాడుటలోనే తమ బలమంతా ఖర్చుచేశాయి. ఆనాడు చావు అంత దగ్గరగా ఉండేది. నడక నేర్పుటకు తీరిక ఎక్కడిది?

అయినను ఒక రోగము మిషనెరీలను ఆ ప్రశ్న వైపునకు నెట్టింది. అది కుష్ఠు. నిజామాబాదు వద్ద డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనుకు చెందిన ఇసబెల్ కెర్ ఒక పెద్ద కుష్ఠు ఆసుపత్రిని పెంచారు. ఉత్తరాంధ్రలో సాలూరు కుష్ఠు ఆసుపత్రి అనేకులకు ఆశ్రయమైనది. 1940లలో డాప్సోన్ వంటి మందులు వచ్చిన తరువాత క్రిమి చచ్చేది. కాని రోగి వేళ్లు వంగినవి వంగినట్లే ఉండేవి. కాలి పుండు మానేది కాదు. ఊరు అతనిని మరల చేర్చుకొనేది కాదు. రిపోర్టు ప్రకారము నయమైన మనిషి ఆసుపత్రి గేటు బయట కూర్చొని బిచ్చమెత్తుకొనేవాడు. రోగము పోయినంత మాత్రమున మనిషి ఇంటికి చేరడు అను సంగతిని మిషను వైద్యులు ఈ గేటు దగ్గరనే నేర్చుకున్నారు.

5. వెల్లూరు: రోగియైన డాక్టరు

1900లో ఐడా స్కడ్డర్ ఒకే పడకతో ప్రారంభించిన వెల్లూరు ఆసుపత్రి, 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాలను ప్రారంభించి, అనేక మిషనుల సహకారముతో క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. మన తెలుగు జిల్లాల నుండి రైలెక్కి వెల్లూరు వెళ్లి చికిత్స పొందిన కుటుంబము లేని సంఘము అరుదు.

1946లో అక్కడికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంగిన వేళ్లను శస్త్రచికిత్స ద్వారా సరిచేయు పద్ధతులను వృద్ధిచేశారు. అయితే ఆపరేషను తరువాత ఆ చేతికి పని నేర్పాలని, లేకపోతే ఆపరేషను వృథా అని ఆయన గ్రహించారు. అందుకే రోగులు వడ్రంగము మొదలగు పనులు నేర్చుకొను చిన్న కేంద్రమును ఆసుపత్రి ప్రక్కన ఏర్పాటు చేశారు.

ఆయన వద్ద పనిచేసిన వైద్యులలో మేరీ వర్గీస్ ఒకరు. 1925లో కేరళ ప్రాంతములో పుట్టిన ఈమె, 1954 జనవరిలో జరిగిన మోటారు ప్రమాదములో వెన్నుపూస దెబ్బతిని నడుము నుండి క్రిందికి చచ్చుబడిపోయారు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏండ్లు కూడ నిండలేదు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషనులు చేయుట నేర్చుకున్నారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో తాను పునరావాస శిక్షణ పొందారు. తరువాత న్యూయార్కులో, రెండవ ప్రపంచ యుద్ధపు గాయగ్రస్థుల మధ్య ఈ వైద్యశాఖను తీర్చిదిద్దిన హోవార్డ్ రస్క్ యొక్క సంస్థలో చదివారు. 1962లో తిరిగి వచ్చి, మరుసటి సంవత్సరము వెల్లూరులో ఆ విభాగమునకు అధిపతి అయ్యారు. 1966లో అక్కడ ప్రారంభమైన పునరావాస సంస్థ, రోగులు లోపల ఉండి శిక్షణ పొందు అటువంటి సంస్థలలో మన దేశమునకు మార్గదర్శి. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో ఆమె మరణించారు. నేడు ఆ సంస్థ ఆమె పేరునే ధరించియున్నది.

ఈ చరిత్రలో మనము గమనించవలసినది, ఆమె నడవలేదు. ఎన్నో ప్రార్థనలు జరిగాయి, ఎంతో శిక్షణ జరిగింది, అయినను ఆమె కాళ్లు తిరిగి రాలేదు. ఆమె పని ఆమెకు తిరిగి వచ్చింది. వెల్లూరులో జరుగు రిహాబ్ మేళా అను కూడికకు పూర్వ రోగులు తిరిగి వచ్చి, పరీక్షలు చేయించుకొని, ఒకరినొకరు పలకరించుకొని వెళతారు. డిశ్చార్జితో సంబంధము తెగిపోకూడదను సత్యము దానిలో ఉన్నది.

6. వృద్ధుల వరకు వచ్చిన మార్గము

పైన చెప్పిన భారతీయ కృషిలో ఎక్కువ భాగము యౌవనస్థుల కొరకు, పనిచేయు వయస్సువారి కొరకు జరిగింది. వృద్ధులు ఈ బల్లయొద్దకు ఆలస్యముగా వచ్చారు. 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టరు వి. ఎస్. నటరాజన్ ఆధ్వర్యములో వృద్ధుల కొరకు ప్రత్యేక వైద్య విభాగము మొదలైనది. 2010లో కేంద్ర ప్రభుత్వము వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కొరకు ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించింది. దాని ప్రణాళిక ప్రకారము జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. సామాజిక ఆరోగ్య కేంద్రములో వారమునకు రెండు సార్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వారమునకు ఒకసారి వృద్ధుల క్లినిక్కు నడవాలి. మంచము పట్టినవారి ఇంటికి వెళ్లి చూచు ఏర్పాటు కూడ ప్రణాళికలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇప్పుడు రావికమతము ఉన్నది. మన మండలములో వీటిలో ఏది నడుస్తున్నదో ప్రతి కాపరి స్వయముగా వెళ్లి కనుక్కొనుట మంచిది. అడిగేవారు ఉంటేనే ప్రణాళిక కదులుతుంది.

పునరావాసము పనిచేస్తున్నదా లేదా అని కొలుచుటకు కూడ పద్ధతులు వచ్చాయి. 1965లో అమెరికాలో ఫ్లారెన్స్ మహోనీ, డొరోతియా బార్తెల్ అను ఇద్దరు స్త్రీలు పది పనుల పట్టికను ప్రకటించారు. తినుట, స్నానము, ముఖము కడుగుకొనుట, బట్టలు కట్టుకొనుట, మలమూత్రముల అదుపు, మరుగుదొడ్డి వాడుట, మంచము నుండి కుర్చీకి మారుట, నడుచుట, మెట్లు ఎక్కుట. మొత్తము 100 మార్కులు. దానిలో రక్తపోటు లేదు, ఎక్స్‌రే లేదు. మనిషి రోజు ఎట్లు గడుస్తున్నదనునదే ఉన్నది. అయితే మన పల్లె వృద్ధులకు నేల మీద కూర్చొనుట, గొంతుక్కూర్చొనుట కూడ జీవితములో భాగమే. 1968లో రూపుదిద్దుకున్న జైపూరు కాలు, మన జనులు క్రింద కూర్చొనుటకు, చెప్పులు లేక నడుచుటకు వీలుగా తయారైనది. పాశ్చాత్యుల కొలత మనకు ఉపకరిస్తుంది గాని మన ఇంటిని మనమే కొలుచుకొనవలెనని అది బోధిస్తున్నది.

మరియొక సంగతిని దాచకూడదు. 2017లో లాన్సెట్ పత్రికలో మన దేశములోని 14 ఆసుపత్రులలో 1250 మంది పక్షవాత రోగులతో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితము వెలువడింది. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టరు జయరాజ్ పాండియన్ దానిలో ముఖ్యులు. కుటుంబ సభ్యునికి కొంత శిక్షణ ఇచ్చి ఇంటిదగ్గర వ్యాయామములు చేయిస్తే మరణము, పరాధీనత తగ్గుతాయా అని చూశారు. ఆరు నెలలకు తేడా కనబడలేదు. కుటుంబము అక్కరలేదని దీని అర్థము కాదు. కోడలికి నాలుగు మాటలు చెప్పి పంపితే సరిపోదని, శిక్షణ పొందినవారి చేయి కొనసాగాలని మనము గ్రహించాలి. మరొక ప్రక్క, పక్షవాత రోగులను ప్రత్యేక వార్డులో ఒక బృందముగా చూచినప్పుడు మరణములు, పరాధీనత తగ్గుతాయని పలు దేశముల పరిశోధనలు చూపుతున్నవి. అట్టి మేలు వయస్సు మళ్లినవారికిని కలుగుచున్నది.

7. వృద్ధ రోగి ఏమి ఆశించవచ్చును?

సంఘములో ఒక పెద్దాయనను తుంటి ఆపరేషను తరువాతనో, పక్షవాతము తరువాతనో పునరావాస వార్డులో చేర్చినప్పుడు ఆయనకును, ఇంటివారికిని కాపరి ముందుగా చెప్పగలిగిన సంగతులు ఇవి.

మొదటిది, అది విశ్రాంతి గృహము కాదు, ఒక విధమైన బడి. మొదటి రోజులలో పరీక్ష ఉంటుంది. పడక ముందు మీరు ఎట్లు నడిచేవారు, ఇంటిలో ఎవరున్నారు, మరుగుదొడ్డి ఎంత దూరము, ఎన్ని మెట్లు అని అడుగుతారు. ఇవి అనవసరపు ప్రశ్నలని విసుగుకొనకూడదు. వైద్యము ఆ జవాబుల మీదనే నడుస్తుంది.

రెండవది, ఒక్క డాక్టరు కాదు, ఒక బృందము ఉంటుంది. ఫిజియోథెరపిస్టు కూర్చొనుట, నిలబడుట, నడుచుట నేర్పుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు బట్టలు కట్టుకొనుట, ముద్ద కలుపుకొనుట వంటి పనులు నేర్పుతారు. పక్షవాతములో మాట పోయినా, మ్రింగుట కష్టమైనా దానికి వేరే నిపుణులు ఉంటారు. మ్రింగుడు పరీక్షించకముందు ప్రేమతో నోటిలో పోసిన గంజి ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదమున్నది. ప్రభు సంస్కారము ఇచ్చే కాపరి కూడ ముందు నర్సును అడగాలి. చిన్న ఆసుపత్రులలో ఈ నిపుణులందరూ ఉండరు. ఎవరు ఉన్నారో చేర్చకముందే అడగవలెను.

మూడవది, అలసట, కొంత నొప్పి సహజము. మొదటిసారి నిలబెట్టినప్పుడు రక్తపోటు పడిపోయి తల తిరుగవచ్చును. అందుకే మొదట మంచము అంచున కూర్చోబెడతారు, తరువాత నిలబెడతారు, తరువాత వాకరుతో నాలుగు అడుగులు వేయిస్తారు. నొప్పి ఎక్కువైతే చెప్పాలి, దాచకూడదు. నొప్పికి మందు ఇచ్చి వ్యాయామము చేయిస్తారు. అయితే ఛాతీ నొప్పి, ఆయాసము, ఒక కాలు వాచుట వంటివి కనబడితే వెంటనే సిబ్బందికి చెప్పవలెను.

నాలుగవది, ఎదుగుదల సమముగా ఉండదు. ఒక వారము బాగా నడిచినవారు మూత్రములో ఇన్‌ఫెక్షను వచ్చి మరుసటి వారము వెనుకపడవచ్చును. రాత్రివేళ మనుష్యులను గుర్తుపట్టక కలవరపడవచ్చును. దానిని దయ్యమని ఎంచక డాక్టరుకు చెప్పాలి, అది చాలాసార్లు శరీర రోగము వలన కలిగి, కారణము తెలిసి చికిత్స చేస్తే తగ్గుతుంది. దిగులు, ఏడుపు కూడ రావచ్చును. అది అవిశ్వాసము కాదు.

ఐదవది, ఎన్ని రోజులు ఉండాలో రోగము, బలము, ఆసుపత్రి వసతి, డబ్బు వీటిని బట్టి ఉంటుంది. కొందరికి కొన్ని రోజులు, కొందరికి వారములు పడుతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకము ఆపరేషనుకు వర్తించినంత మాత్రమున తరువాతి శిక్షణకు కూడ వర్తిస్తుందని అనుకొనరాదు. ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆరవది, డిశ్చార్జి ముందే ఇల్లు సిద్ధము కావాలి. కుర్చీ ఎత్తున ఉన్న మంచము, జారని నేల, రాత్రి దీపము, మరుగుదొడ్డి దగ్గర పట్టుకొనుటకు గోడకు ఒక కడ్డీ, అవసరమైతే మధ్యలో రంధ్రము చేసిన కుర్చీ. ఇవి పెద్ద ఖర్చులు కావు. తుంటి ఆపరేషనులు అన్నీ ఒక రకము కావు. క్రింద కూర్చొనవచ్చునా, ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చును అను ప్రశ్నలకు జవాబు ఆపరేషను చేసిన డాక్టరు నోటనే వినాలి. తోడు ఉండబోయే మనిషి ఇంటికి రాకముందే వార్డులో నర్సు ప్రక్కన నిలిచి లేపుట, పడుకోబెట్టుట నేర్చుకోవాలి.

ఇక ఏమి ఆశింపకూడదు? పూర్వపు నడకయే తిరిగి వస్తుందని అందరికీ మాట ఇవ్వకూడదు. కొందరు కర్ర లేకుండ నడుస్తారు, కొందరికి వాకరు జీవితాంతము అవసరము, కొందరు కుర్చీ వరకే చేరగలరు. మరుగుదొడ్డికి తానే వెళ్లగలుగుట ఒక వృద్ధునికి ఎంత గౌరవమో, మంచము పట్టినవారిని అడిగితే తెలుస్తుంది.

8. వేదాంత పరిశీలన

మార్కు మొదటి అధ్యాయములో ప్రభువు సీమోను అత్తను స్వస్థపరచిన సందర్భమును చూడండి. ఆయన దగ్గరకు వెళ్లారు, చేయి పట్టుకున్నారు, లేవనెత్తారు. జ్వరము విడిచిన తరువాత ఆమె వారికి ఉపచారము చేసింది. ఆమె పని ఆమెకు తిరిగి దొరికింది. సువార్తికుడు ఆ చివరి సంగతిని వదలిపెట్టలేదు.

అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయములో పేతురు శృంగారమను దేవాలయ ద్వారమునొద్ద కుంటివానికి యేసు నామమును ప్రకటించాడు. మాటతో ఊరుకొనక అతని కుడిచేయి పట్టుకొని లేపాడు. ఆ మామ్మ మంచము ప్రక్కన నేను పేతురు నోటిని వాడుకున్నాను, పేతురు చేతిని వాడలేదు.

అందరూ గంతులు వేసి లేవరు. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు రాజు బల్లయొద్ద నిత్యము భోజనము చేశాడని చెప్పిన తరువాత కూడ, అతని రెండు కాళ్లు కుంటివని 2 సమూయేలు తొమ్మిదవ అధ్యాయము ముగింపులో చెబుతున్నది. కాళ్లు మారలేదు, చోటు మారింది. మేరీ వర్గీస్ జీవితము దీనికి మన కాలపు వ్యాఖ్యానము వంటిది. స్వస్థత అంటే అవయవము బాగుపడుటయే అని బోధించినప్పుడు, కుర్చీలో కూర్చున్న పెద్దలను మనము తెలియకుండనే రెండవ తరగతి విశ్వాసులుగా చేస్తున్నాము.

మంచి సమరయుడు గాయములు కట్టుటతో ఆగలేదు. పూటకూళ్లవాని ఇంటికి చేర్చాడు, రెండు దేనారములు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. గాయమునకు వెంటనే చేయు చికిత్స ఒక ఎత్తు, కోలుకొను దినముల ఖర్చు, మరల వచ్చి చూచుట ఒక ఎత్తు. మన సంఘములు ఆపరేషనుకు చందా పోగుచేస్తాయి. ఆపరేషను తరువాతి ఆరు వారములకు పోగుచేసిన సంఘమును నేను ఎక్కువగా చూడలేదు. నాదే అందుకు మొదటి ఉదాహరణ.

ముగింపు

కైసరయలోని బాసిల్ నుండి వెల్లూరులోని మేరీ వర్గీస్ వరకు వచ్చిన మార్గములో సంఘము మొదట పడకను ఇచ్చింది, తరువాత మందును ఇచ్చింది, చివరకు మంచము దిగుటకు చేయిని ఇచ్చింది. మూడవదానిని ఊరి సంఘము వరకు తెచ్చుట మన తరమునకు మిగిలిన పని. దానికి పెద్ద ఆసుపత్రి కట్టనక్కరలేదు. డిశ్చార్జి కాగితమును చదివి వినిపించగల కాపరి కావాలి. వారమునకు రెండు రోజులు అనకాపల్లికో నర్సీపట్నానికో ఫిజియోథెరపీకి తీసుకొని వెళ్లి తీసుకొని రాగల ఇద్దరు యౌవనస్థులు కావాలి. కోడలికి ఒక పూట సెలవు ఇచ్చి పెద్దామె ప్రక్కన కూర్చొనగల స్త్రీల సమాజము కావాలి. మందిరము గుమ్మము దగ్గర మెట్టుకు ప్రక్కగా వీల్‌చైరు ఎక్కుటకు సిమెంటు వాలు కావాలి.

వేదాంత విద్యార్థులకు నా మనవి ఇది. రోగుల దర్శనమునకు వెళ్లినప్పుడు ప్రార్థనకు ముందు ఒక ప్రశ్న అడగండి: "డాక్టరుగారు నడవమన్నారా?" అవునంటే, ఎట్లు పట్టుకోవాలో వారికి చూపించారేమో కనుక్కొని, చూపించిన విధముగా చేయి అందించండి. ఆ మామ్మ అడిగిన గుమ్మము మంచమునకు ఏడెనిమిది అడుగుల దూరములో ఉన్నది. ఆ దూరమును నేను ఇప్పటికీ మరువలేదు.